ముందు చీటీ, తరువాత నక్షత్రం

కొండల్లో కూర్చుని సముద్రం గురించి పాఠాలు చెప్పిన మనిషిని నేను. ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల కాలేజీల్లో ముప్పై ఏళ్ళకు పైగా జువాలజీ చెప్పాను. సిలబస్‌లో సగం జంతువులు నీళ్ళలోవి, వాటిలో సగం ఉప్పునీళ్ళవి. నేను పుట్టి పెరిగింది మాచ్‌ఖండ్ విద్యుత్ ప్రాజెక్టు కాలనీలో. నాన్న ఆఫీసు గుమాస్తా, అమ్మ నర్సు. ఇద్దరూ కోస్తా నుంచి కొండెక్కినవాళ్ళే. నాకు మాత్రం సముద్రమంటే చుట్టాల పెళ్ళికి విశాఖ వెళ్ళినప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని మడమలు తడుపుకొచ్చేది, అంతే. అయినా సముద్ర నక్షత్రం గురించి గంటసేపు ఆపకుండా మాట్లాడగలను. ఏటా మాట్లాడాను కూడా.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. పాత విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఫోన్ చేసి మీ సర్వీసులో మరిచిపోలేని రోజేదని అడుగుతుంటారు. ఏ సన్మానం సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తొచ్చేది మాత్రం, తప్పు నాదేనని కాగితం మీద రాసి సంతకం పెట్టిన సోమవారం. ఆ కథ మీకోసమే రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ బతికే ఉన్నారు, నాలాగే ముక్కుమీద కోపం ఉన్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు.

నా ఉద్యోగం మొదలైందీ, ముగిసిందీ గుణుపురం వైపు ఒక చిన్న కాలేజీలో. మధ్యలో బోరిగుమ్మ, నందపూర్ వైపు తిరిగి, చివరి ఎనిమిదేళ్ళకు మళ్ళీ అక్కడికే చేరాను. మొదటిసారి చేరినప్పుడు లేబొరేటరీలో ఖాళీ సీసాలు తప్ప ఏమీ లేవు. నెలలో ఇన్‌స్పెక్షన్ ఉంది. సిలబస్‌లో ఉన్న ప్రతి జంతువూ అలమారలో కనబడాలి, లేకపోతే కోర్సుకి అనుమతి రాదు. నా చేతిరాత బాగుంటుందని పేరు. అందుకని నన్ను కూర్చోబెట్టి, సిలబస్ చూసి, చీటీలన్నీ ఇండియన్ ఇంకుతో ముందే రాయించారు. వాటిని ఖాళీ సీసాలకు అంటించేశాం. తరువాత జంతువులు దొరికినవి దొరికినట్టు తెచ్చి, చీటీ ఏ సీసా మీద ఉంటే ఆ సీసాలో వేసి, కుళ్ళకుండా ఫార్మలిన్ పోశాం. మా కొండ కాలేజీల్లో అప్పుడు పని అలాగే జరిగేది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దలు చీటీలు చదివి, చేతిరాత మెచ్చుకుని, భోజనం చేసి వెళ్ళిపోయారు.

సముద్ర నక్షత్రం సీసా మీద నేను రాసిన పేరు ఆస్టీరియాస్. పాఠ్యపుస్తకంలో ఉన్నది అదే. చల్లటి దేశాల సముద్రాల్లో, రాళ్ళను కరుచుకుని బతికే జంతువు అది. దాని చేతుల అడుగున వందల కొద్దీ చిన్న గొట్టాల్లాంటి పాదాలుంటాయి. ఒక్కో పాదం కొసన గుండ్రటి గిన్నె ఉంటుంది. దాన్నే సక్కర్ అంటాం. ఆ గిన్నెలతోనే అది రాతిని పట్టుకుంటుంది, గుల్లలు తెరుస్తుంది. నేను ఆ పాదం బొమ్మ బ్లాక్‌బోర్డు మీద రంగు సుద్దలతో వేస్తే పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి చూసేవారు. నా గర్వమంతా ఆ గుండ్రటి గిన్నెలోనే ఉండేది. బొమ్మ వేసిన చేత్తో ఒక్కసారి సీసా మూత తీసి, లోపలి జంతువుకి ఆ గిన్నె ఉందో లేదో చూడాలని నాకు తోచలేదు. చీటీ రాసింది నేనే కదా, ఇంక చూసేదేముంది?

రిటైర్మెంటుకి మూడేళ్ళ ముందు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. గుణుపురం పక్క పల్లెలో వాళ్ళది వ్యవసాయం, తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. ఎమ్మెస్సీ చదవాలని ఆమె కోరిక. ఈ ఏడాది సీటు వస్తే సరే, రాకపోతే ఇంక పొలానికి రావాల్సిందేనని తండ్రి చెప్పేశాడు. ఆయన కఠినుడేం కాదు, ఇంట్లో పనిచేసే చేతులు తక్కువ, అంతే.

ఆ అమ్మాయి రికార్డు పుస్తకంలో నక్షత్రం పాదాల కొసలు సూదిగా గీసి తెచ్చింది. నేను ఎర్ర ఇంకుతో ప్రతి కొసకూ ఒక సున్నా చుట్టి, పక్కన ‘సక్కర్లు ఏవి? శ్రద్ధగా చూడుము’ అని రాసి తిప్పి పంపాను. శ్రద్ధగా చూడుమని నేనే రాశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఏప్రిల్‌లో ప్రాక్టికల్ పరీక్ష, శుక్రవారం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా రాయగడ నుంచి వచ్చినాయన మా ప్రాంతంలో పేరున్న ఒడియా మేష్టారు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని నియమాలు. నక్షత్రం సీసా దగ్గర ఎప్పుడూ ఒకే ప్రశ్న వేస్తారు. సక్కర్లు చూపించమంటారు. పిల్లలు చూసీ చూడనట్టు వేలు పెట్టి చూపిస్తారు, ఆయన తల ఊపుతారు. ఆ రోజు ఈ అమ్మాయి పేపర్లో పేరు దగ్గర ‘ఆస్టీరియాస్ కాదు, పేరు తెలియదు’ అని రాసింది. ఆయన పిలిచి, సక్కర్లు చూపించమన్నారు. ఆమె పట్టకారుతో ఒక పాదం ఎత్తి, లేవు సార్ అంది. మళ్ళీ అడిగారు. లెన్సు పెట్టి చూడండి సార్ అని లెన్సు ఆయన చేతికి ఇవ్వబోయింది. ఆయన లెన్సు అందుకోలేదు. అవమానంగా తీసుకున్నారని ఆయన మొహం చూస్తేనే తెలిసింది.

నేను ఆయన పక్కనే ఉన్నాను. అప్పుడు నేను చేయాల్సిన పని ఒక్కటే, లెన్సు అందుకోవడం. చేయలేదు. పైగా, పరీక్ష పాడవకూడదన్న కంగారులో ఆమెనే తెలుగులో మందలించాను.

“పుస్తకం చదవలేదా అమ్మి?”

“సదివేను మేడమ్. పుస్తకంలో ఉన్నాయి. ఇందులో నేవు.”

కళ్ళు దించకుండానే అంది. ఆయన నమూనాలు గుర్తుపట్టే స్పాటింగ్‌లో ఆ సీసాకి సున్నా వేసి, నోటి పరీక్ష వైవాలో ఇంకా కోసి, కాగితం నా ముందుకు తోశారు. మొత్తం కూడితే మూడు మార్కుల్లో పోయింది. ఇక్కడి పిల్లలు దాన్ని బ్యాక్ పడ్డం అంటారు. బ్యాక్ పడితే మళ్ళీ రాసి పాసయ్యేసరికి ఎమ్మెస్సీ సీట్లు అయిపోతాయి. ఆ సంగతి తెలిసి కూడా నేను సంతకం పెట్టాను. మార్కుల షీటు మంగళవారం లోపల అప్‌లోడ్ చేయాలి.

పిల్లలంతా వెళ్ళిపోయాక లేబొరేటరీ అటెండర్ సీసాలు సర్దుతున్నాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. నేను మొదటిసారి చేరిన ఏడాదే అతనూ చేరాడు, ఎక్కడికీ కదల్లేదు. ఆ అమ్మాయి మాట నా చెవిలోంచి పోవడం లేదు. నక్షత్రం సీసా ఇటు తెమ్మన్నాను. మూత తీసి, జంతువుని పళ్ళెంలో వెల్లకిలా పడుకోబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక చేయి చూశాను. రెండో చేయి చూశాను. అయిదు చేతులూ చూశాను. ప్రతి పాదమూ కొసన సూదిగా ఉంది. గిన్నె లేదు. చేతుల అంచుల వెంట పలకలు దువ్వెన పళ్ళలా వరస కట్టి ఉన్నాయి. నేను వేసే బొమ్మలో అవీ లేవు.

అటెండర్ నా వెనక నిలబడి నెమ్మదిగా అన్నాడు.

“ఇది నానే తెచ్చేను మేడమ్ గోరూ. మరిసిపోనారేటి?”

మరిచిపోయాను. అతను గుర్తుచేశాడు. ఇన్‌స్పెక్షన్ ముందు అతను సముద్రం పక్కన అత్తవారి ఊరికి వెళ్ళి, వలవాళ్ళు వదిలేసిన దాన్ని డబ్బాలో తెచ్చాడట.

“తడి ఇసక ఏసి తెచ్చేను. దారిలో మూత తీసి సూస్తే కనబడనేదు. ఎవులో తీసీసేరనుకున్నాను. తవ్వితే ఇసక అడుక్కి దూరిపోనాది. ఇది ఇసకలో ఉంతాదని అప్పుడే సెప్పేను కదా. రాళ్ళ మీద ఉంతాదని మీరన్నారు.”

అంత స్పష్టంగా తెలిసినవాడు ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నాడని అడిగాను. నా గొంతులో విసుగు కూడా ఉంది, దాచడమెందుకు.

“మీరు సదూకున్నోరు. నాను సీసాలు కడిగీవోన్ని,” అన్నాడు. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు రాయగడకు ఫోన్ చేశాను. సీసా లోపలిది పాతబడి సక్కర్లు ముడుచుకుపోయి ఉంటాయని ఆయన అన్నారు. ఫార్మలిన్‌లో అన్నీ ముడుచుకుంటాయట. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. సంతకం చేసిన షీటు మార్చడం ఆటలు కాదని కూడా గుర్తుచేశారు. ఫోన్ పెట్టేశాక నాకు ఒకటే దారి కనబడింది. బతికున్న జంతువుని తెచ్చి ఆయన ముందు పెట్టాలి.

అమ్మాయిని హాస్టల్ నుంచి పిలిపించాను. క్షమించమని ముందు అడగాల్సింది. అడగలేదు, నోరు రాలేదు. పాదాలు సూదిగా ఉంటాయని నీకెలా తెలుసునని మాత్రం అడిగాను. వాళ్ళ పిన్నిది నౌపడ దగ్గర ఊరని, చిన్నాన్న ఉప్పు మడుల్లో పనిచేస్తాడని, సెలవుల్లో అక్కడికెళ్ళి వలలు లాగడం చూసేదాన్నని చెప్పింది. “వలోళ్ళు ఒడ్డున ఇసిరీస్తారు మేడమ్. కాసేపటికి ఒక్కటీ కనబడదు. అన్నీ కిందకి దిగిపోతాయి. రాళ్ళు పట్టుకునీ వాటికి ఇసకలో పనేటి అనుకున్నాను.” ఇంతకంటే మంచి జువాలజీ ప్రశ్న నా సర్వీసులో ఎవరూ అడగలేదు.

ఆదివారం చర్చి మానేశాను. నేను, అమ్మాయి, అటెండర్ గుణుపురంలో పొద్దుటి రైలెక్కి నౌపడలో దిగాం. అటెండర్ చేతిలో మూతబిగించే బకెట్టు, నా సంచిలో లెన్సు. అమ్మాయి చిన్నాన్న ఆటోలో ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఒడ్డు నుంచి లాగే అలివి వల అప్పటికే సగం బయటికి వచ్చింది. రెండు వరసల మనుషులు మోకులు పట్టుకుని వెనక్కి నడుస్తున్నారు. వల ఒడ్డెక్కాక చేపలు ఏరుకుని, పనికిరానివి పక్కకు విసిరేశారు. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ ఒక చదువుకున్నావిడ చీర ఎగదోపుకుని ఆ పనికిరానివాటి మీద పడితే వాళ్ళు నవ్వారు. ఏటి కూరొండుతారా మేడమ్ అని ఒకతను అడిగాడు.

మొదటిది అమ్మాయికి దొరికింది. అరచేతిలో సగం ఉంది, ఇసక రంగు. దాన్ని తెచ్చి, అల వెనక్కి వెళ్ళిన తడి ఇసక మీద నా పాదాల ముందు పెట్టింది. ఒక క్షణం అది కదల్లేదు. తరువాత అయిదు చేతుల అంచుల వెంటా ఇసక సన్నగా వణికింది. అడుగున వందల సూదిపాదాలు ఇసకను పక్కలకు తోస్తున్నాయి. తల ముందూ కాలు వెనకా అని లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా మొత్తం శరీరం నేలలోకి దిగిపోయింది. ఇసక మీద నక్షత్రం అచ్చు మాత్రం మిగిలింది. తరువాతి అల వచ్చి దాన్నీ చెరిపేసింది.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కొంత, సంతోషంతో ఎక్కువ. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన జంతువుని నేను మొదటిసారి చూశాను. అమ్మాయి కంగారుపడి ఏటయింది మేడమ్ అంది. అప్పుడు అడిగాను క్షమించమని, అల చప్పుడులో. ఆమె విందో లేదో, వంగి ఇసక తవ్వి దాన్ని మళ్ళీ పైకి తీస్తోంది.

నాలుగు నక్షత్రాలు, బకెట్టులో సగం ఇసక, పైన సముద్రపు నీళ్ళు, ఇంకో డబ్బాలో మార్చడానికి మరికొన్ని నీళ్ళు. వాటితో సాయంత్రానికి తిరిగొచ్చాం. సోమవారం పొద్దున్నే రాయగడ బస్సెక్కాం. కొండమలుపుల్లో బకెట్టు ఒలక్కుండా అటెండర్ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపలేముందని కండక్టరు అడిగితే పరీక్ష అన్నాడు.

మేష్టారు మమ్మల్ని వాళ్ళ కాలేజీ వరండాలోనే నిలబెట్టారు. షీటు సంగతైతే మాట్లాడొద్దన్నారు. మాట్లాడనని, అయిదు నిమిషాలు చూస్తే చాలని చెప్పాను. అక్కడి లేబొరేటరీ నుంచి తెప్పించిన గాజుతొట్టిలో ఒక పక్క ఇసక పరిచి నీళ్ళు పోశాం. నక్షత్రాన్ని ముందు ఇసక లేని వైపు, గాజుగోడకు ఆనించి పెట్టాను. సక్కర్లున్న జంతువైతే గాజును పట్టుకుని పైకి పాకాలి. ఇది జారి కింద పడింది. మళ్ళీ ఆనించాను, మళ్ళీ జారింది. అమ్మాయి దాన్ని ఎత్తి ఇసక మీద పెట్టింది. మేష్టారు కళ్ళజోడు సర్దుకుని తొట్టి మీదికి వంగారు. ఇసక వణికింది, నక్షత్రం దిగిపోయింది.

ఆయన చాలాసేపు వంగే ఉన్నారు. తరువాత అమ్మాయి వైపు చెయ్యి చాపారు, లెన్సు కోసం. శుక్రవారం అందుకోని లెన్సు సోమవారం అందుకున్నారు. ఒక్కో పాదం చూసి, తమ కాలేజీ సీసాలో ఉన్నదీ ఇదే అన్నారు. అంచు పలకలు బాగా గుర్తున్నాయట. ఈ ప్రశ్న ఎంతమంది పిల్లల్ని అడిగి, వాళ్ళ చేత లేనిది ఉందని చెప్పించానో అని తనలో తను అనుకున్నట్టు ఒడియాలో అన్నారు. ఆ మాటలో కోపం లేదు, దిగులుంది.

షీటు మార్చాలంటే కారణం రాయాలి. ఆయన పెన్ను తీశారు గానీ రాయలేకపోయారు. ఆయన పేరు ప్రిన్సిపాల్ పదవికి పరిశీలనలో ఉందని అందరికీ తెలుసు. అందుకని కాగితం నేను లాక్కున్నాను. ‘నమూనా మీద ఉన్న చీటీ తప్పు. ఆ చీటీ రాసింది నేను. విద్యార్థిని జవాబు సరైనది’ అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. ఆయన చదివి, నా సంతకం కింద ‘నేను కూడా పరిశీలించకుండానే మార్కులు వేశాను’ అని రాసి సంతకం చేశారు. ఆ నలగని మనిషి మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. తరువాత అమ్మాయిని నిలబెట్టి వైవా మళ్ళీ చేశారు. సక్కర్లు చూపించమన్నారు. లేవు సార్ అంది. ఇద్దరూ నవ్వారు. ప్రిన్సిపాల్ పదవి కూడా ఆయనకే వచ్చింది, అది మీ తృప్తికోసం చెబుతున్నాను.

అమ్మాయికి ఎమ్మెస్సీ సీటొచ్చింది. ఇప్పుడు నందపూర్ వైపు పాఠాలు చెబుతోంది. నా ఎర్ర సున్నాలున్న రికార్డు పుస్తకం ఇంకా ఆమె దగ్గరే ఉంది, క్లాసు మొదటి రోజు పిల్లలకు చూపిస్తుందట. చూపించమనే చెప్పాను.

ఇంక మిగిలింది సీసా. ఆస్ట్రోపెక్టెన్ జాతి అని పుస్తకాలు తిరగేసి మేమే తేల్చుకున్నాం. అందులో ఏ రకమో తేల్చడానికి అంచు ముళ్ళు సరిపోల్చి చూసే నిపుణుడు కావాలి. సముద్రం పక్క యూనివర్సిటీలో ఒకాయనకు రెండు నక్షత్రాలు పంపాను. నెల దాటాక జవాబొచ్చింది, పూర్తి పేరుతో. మీ తీరంలో మామూలుగా దొరికేదే అని రాశారు. మామూలుగా దొరికేది కొండెక్కేసరికి మాకు కొత్తదైంది.

కొత్త చీటీ రాయడానికి కూర్చున్నాను. పాత చీటీ పారేయకూడదు, తప్పుదైనా సీసాలోనే ఉంచాలి. అందుకని దాన్ని మెల్లగా ఊడదీసి, మడిచి, సీసా లోపల వేశాం. కొత్త చీటీ మీద పేరు, దొరికిన చోటు, ‘ఇసకలో నివాసం’ అన్నీ రాశాను. చివర ‘గుర్తించినవారు’ అని ఒక గీత ఉంటుంది. అక్కడ అమ్మాయి పేరు రాశాను. పెన్ను మూయబోయి ఆగి, ఆ పేరుకి ముందు అటెండర్ పేరు రాశాను. తడి ఆరాక అతనికి చదివి వినిపించాను.

“నా పేరెందుకు మేడమ్ గోరూ?”

“ముందు చెప్పింది నువ్వే కదా.”

అతను జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఎక్కడుందో సూపించండి అన్నాడు. చూపించాను. చీటీ అంటించి, సీసా తుడిచి, అలమారలో ముందు వరసలో పెట్టి, చీటీ తలుపు వైపు తిరిగేలా సర్దాడు.

మర్నాడు పొద్దున్న నేను కాలేజీకి వెళ్ళేసరికి లేబొరేటరీ గుమ్మం దగ్గర అతని భార్య, మనవరాలు నిలబడి ఉన్నారు. ఉతికిన చీర, దువ్విన జడ, చెప్పులు బయట విడిచిపెట్టి. సీసా చూడ్డానికి వచ్చామమ్మా అంది ఆవిడ. నేనే తలుపు తీశాను.